జపాన్ కూపేనా, జర్మన్ కూపేనా: తిరుపతి పాఠకుడి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. తిరుపతిలో ఇల్లు, చిత్తూరు దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉన్నాయి. ఇంట్లో ఇన్నోవా ఉంది. వ్యాపారం పని మీద నెలకు రెండు మూడుసార్లు బెంగళూరుకు నేనే నడుపుకుంటూ వెళ్లి వస్తాను. ఇంజినీరింగ్ చదివే రోజుల నుంచీ స్పోర్ట్స్ కూపే, అంటే రెండు తలుపుల స్పోర్ట్స్ కారు కొనాలని కోరిక. ఇప్పుడు 40 లక్షల దాకా పెట్టగలను. సెకండ్ హ్యాండ్‌లో మూడు చూశాను: బెంగళూరులో 2011 నాటి నిస్సాన్ 370జెడ్ ఆటోమేటిక్ (31 వేల కిలోమీటర్లు తిరిగిందట), హైదరాబాద్‌లో 2016 ఆడి టీటీ (48 వేలు), చెన్నైలో 2012 పోర్షే కేమన్. మూడింటికీ చెబుతున్న ధరలు దగ్గర దగ్గరగానే ఉన్నాయి. జపాన్ ఇంజిన్ అయితే బానెట్ ఎత్తే పనే ఉండదని స్నేహితులు అంటున్నారు. జర్మన్ కారు కొంటే స్పేర్ పార్టులకే ఆస్తి కరిగిపోతుందని మా బావమరిది అంటున్నాడు. నా మనసు జెడ్ మీద ఉంది. మూడో తరగతి చదువుతున్న మా పాప మాత్రం తానూ ఎక్కుతానంటోంది. ఏది కొనాలి? తిరుమల ఘాట్‌కు తీసుకెళ్లవచ్చా? ఇవన్నీ వదిలేసి కొత్త టయోటా సుప్రా తెప్పించుకోవడం మేలా?

— ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: మొదట కేమన్ సంగతి తేల్చేద్దాం. మూడింటిలోనూ నడపడానికి అన్నిటికన్నా గొప్ప కారు అదే. మీరు కొనకూడని కారూ అదే. బేస్ మోడల్ అయితే అందులో 2.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ ఉంటుంది, శక్తి 265 హార్స్‌పవర్. సిలిండర్లు మూడేసి చొప్పున అటూ ఇటూ అడ్డంగా పడుకుని ఉంటాయి కాబట్టి బరువు నేలకు దగ్గరవుతుంది. ఇంజిన్ సీట్ల వెనుక, వెనుక ఇరుసుకు ముందు ఉంటుంది కాబట్టి ఆ బరువు కారు నడుమకు చేరుతుంది. మలుపులో స్టీరింగ్ తిప్పిన క్షణంలోనే ముందు భాగం తేలికగా తిరిగే ఆ తీరు మిగతా రెండు కార్లకూ రాదు. 2009కి ముందు కేమన్లలో ఇంజిన్ లోపల తిరిగే ఇంటర్మీడియట్ షాఫ్ట్ అనే ఇరుసు బేరింగ్ విరిగి ఇంజిన్ మొత్తం పోతుందన్న భయం ఉండేది. 2009లో వచ్చిన కొత్త ఇంజిన్‌లో ఆ షాఫ్టే లేదు, అందువల్ల మీరు చూసిన కారుకు ఆ భయం వర్తించదు. చిక్కు వేరేచోట ఉంది. ఆ కారుకు ముందు ఎత్తితే ఒక డిక్కీ, వెనుక ఎత్తితే ఇంకో డిక్కీ కనిపిస్తాయి, ఇంజిన్ మాత్రం కనిపించదు. వెనుక డిక్కీలో ఆయిల్ పోయడానికి ఒక మూత, కూలెంట్‌కు (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవానికి) ఒక మూత ఉంటాయి, అంతవరకే మనకు ప్రవేశం. ఏ చిన్న పని పడినా కారును లిఫ్ట్ మీద ఎక్కించి కింది నుంచో, సీట్ల వెనుక పలకలు విప్పి పై నుంచో చేయాలి. అంటే తిరుపతిలో మీ షెడ్డు మెకానిక్‌కు ఆ ఇంజిన్ మహాలఘు దర్శనం కూడా ఇవ్వదు. ప్రతిసారీ బెంగళూరుకో చెన్నైకో లారీ మీద ఎక్కించి పంపాలి. ఆ రెండు నగరాల్లో ఒకదానిలో మీకు ఇల్లుంటే నా సమాధానం వేరుగా ఉండేది.

ఇక మీ మనసు పడిన జెడ్. ఈ వంశానికి మూలం 1969లో వచ్చిన డాట్సన్ 240జెడ్. పొడవైన బానెట్, దాని కింద ఆరు సిలిండర్ల ఇంజిన్, రెండే సీట్లు, వెనుక చక్రాలకు శక్తి. ఐరోపా కూపేలు ఇచ్చే ఆనందాన్ని అంతకన్నా బాగా తక్కువ ధరకు ఇవ్వాలన్నది అప్పటి ఆలోచన. చూడటానికి సుకుమారంగా ఉన్నా, 1971లోనూ 1973లోనూ తూర్పు ఆఫ్రికా సఫారీ ర్యాలీని గెలిచిన బండి అది. ఆ ర్యాలీ దారుల దుమ్మూ గుంతలూ మన వాళ్లకు కొత్తగా అనిపించవనుకోండి. 2008 చివర్లో ప్రపంచానికి చూపించిన 370జెడ్ కూడా ఆ పద్ధతి వదలలేదు. అంతకుముందున్న 350జెడ్ కన్నా ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య దూరాన్ని 100 మిల్లీమీటర్లు తగ్గించి 2,550 దగ్గర నిలిపారు. తలుపులు, బానెట్ అల్యూమినియంతో చేశారు. అయినా బరువు దాదాపు 1,500 కిలోలు. ఇంజిన్ 3.7 లీటర్ల వీ6 (ఆరు సిలిండర్లు వీ ఆకారంలో), గాలిని ఒత్తి పంపే టర్బో లేదు, 330 హార్స్‌పవర్‌కు అటూ ఇటూ, 7,500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా తిరుగుతుంది.

ఈ అంకెలు మీకు తెలిసినవే అయి ఉంటాయి. వాటిలో లేనిది ఒకటి చెప్పాలి. చంద్రగిరి దాటి రోడ్డు కాస్త ఖాళీ అయ్యాక జెడ్‌లో యాక్సిలరేటర్ నొక్కితే మొదట పెద్దగా ఏమీ జరిగినట్టు అనిపించదు. ఆ ఇంజిన్ పూర్తి టార్క్ (చక్రాలను తిప్పే బలం) 5,200 ఆర్‌పీఎం దగ్గర, పూర్తి శక్తి 7,000 దగ్గర వస్తాయి. అక్కడి దాకా ముల్లును తీసుకెళ్లాలంటే గేర్ దించాలి, పాదం ధైర్యం చేయాలి, శబ్దాన్ని భరించాలి. 6,000 దాటాక ఆ వీ6 పాడే పాట తీయగా ఉండదు, కాస్త బరకగానే ఉంటుంది. దాన్ని ఇష్టపడేవాళ్లూ ఉన్నారు, నేనూ వాళ్లలో ఒకణ్ని. స్టీరింగ్ పాత పద్ధతి హైడ్రాలిక్‌ది. రోడ్డు మీద తారు మారితే, ఇసుక ఉంటే, ముందు టైరు పట్టు కాస్త సడలితే ఆ సంగతి అరచేతికి తెలుస్తుంది. డ్యాష్‌బోర్డు మీద డ్రైవరు వైపుకు తిరిగి ఉన్న మూడు చిన్న గుండ్రటి గిన్నెల్లో ఒకదానిలో ఆయిల్ ఉష్ణోగ్రత, ఒకదానిలో బ్యాటరీ వోల్టేజి, మూడోదానిలో గడియారం కనిపిస్తాయి. స్టీరింగ్ ఎత్తు సవరిస్తే దానితోపాటు మీటర్ల పలక మొత్తం కదులుతుంది. ఇలాంటి చిన్న చిన్న విషయాల్లో ఈ కారును నడిపేవాడి కోసమే చేశారని అర్థమవుతుంది. పక్కన కూర్చున్నవాళ్ల కోసం మాత్రం అంత శ్రద్ధ పెట్టలేదు. టైర్ల రొద లోపలికి బాగా వస్తుంది, వెనుక అద్దంలో కనిపించేది తక్కువ, లావాటి వెనుక స్తంభాల వల్ల పక్క నుంచి వచ్చే ఆటో ఆఖరి నిమిషం దాకా కనిపించదు.

ఆడి టీటీ దీనికి పూర్తిగా ఎదురు స్వభావం కలిగిన కారు. కాగితం మీద చూస్తే రెండూ సమానమే. 0 నుంచి 100 కిలోమీటర్ల వేగానికి 2016 టీటీకి 5.3 సెకన్లు పడితే, జెడ్ మాన్యువల్‌కూ అంతే పడుతుంది, మీరు చూసిన ఆటోమేటిక్‌కు ఇంకాస్త ఎక్కువ. 330 హార్స్‌పవర్ ఉన్న కారుతో 230 ఉన్న కారు ఎలా సమానమైందన్నది ఆలోచించదగిన విషయం. టీటీ బరువు 1,300 కిలోలకు కాస్త పైన, అంటే జెడ్ కన్నా బాగా తక్కువ. నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది కాబట్టి బయలుదేరేటప్పుడు టైర్లు జారవు. అన్నిటికన్నా ముఖ్యంగా, 2 లీటర్ల టర్బో ఇంజిన్ ఇచ్చే 370 న్యూటన్‌మీటర్ల టార్క్ 1,600 ఆర్‌పీఎం నుంచే మొదలవుతుంది. బంగారుపాళెం దాటి మొగిలి ఘాట్ ఎక్కుతున్నప్పుడు, ముందు గ్రానైట్ దిమ్మెల లారీ రెండో గేరులో మూలుగుతూ పోతుంటే, దాన్ని దాటడానికి టీటీలో పాదం కొంచెం కదిలిస్తే చాలు. జెడ్‌లో అదే పనికి గేరు రెండు మెట్లు దిగాలి, ఇంజిన్ అరవాలి, ఆ తర్వాత కారు దూకాలి. ఆదివారం ఉదయం అయితే ఆ రెండో పద్ధతే నాకు ముద్దు. వ్యాపారం పని మీద బెంగళూరు వెళ్లి అదే రోజు రాత్రి తిరిగి వస్తున్నవాడికి మాత్రం మొదటిదే మేలు. పైగా మన వైపు వానలు అక్టోబరు, నవంబరుల్లో ఒక్కసారిగా కుండపోతగా పడతాయి. తడి రోడ్డు మీద వెనుక చక్రాలతో నడిచే శక్తిమంతమైన కారు కన్నా నాలుగు చక్రాలతో నడిచేది నిబ్బరంగా ఉంటుంది.

టీటీలో లోపం ఏమిటంటే, అది మరీ మర్యాదస్తురాలు. స్టీరింగ్ ఎలక్ట్రిక్‌ది, తేలికగా, ఖచ్చితంగా తిరుగుతుంది గానీ రోడ్డు సంగతి చేతికి చేరనివ్వదు. ఇంజిన్ ముందు ఇరుసు మీద అడ్డంగా కూర్చుంటుంది కాబట్టి మలుపులో మరీ తొందరపెడితే కారు ముందు భాగం బయటికి జరుగుతుంది. లోపలి అమరిక మాత్రం ఆ తరగతిలో దేనికీ తీసిపోదు. డ్యాష్‌బోర్డు మధ్యలో తెర ఉండదు, 12.3 అంగుళాల తెర ఒక్కటే స్టీరింగ్ వెనుక ఉంటుంది, మ్యాపూ పాటలూ అన్నీ అందులోనే. ఏసీ గాలి వచ్చే గుండ్రటి రంధ్రాల నడుమనే దాని బటన్లు ఉంటాయి. చల్లదనం ఎంత కావాలో గాలి వచ్చేచోటే తిప్పుకోవచ్చు. మే నెలలో తిరుపతి ఎండలో గంటసేపు నిలబెట్టిన కారెక్కినప్పుడు ఆ ఆలోచన ఎంత బాగుందో తెలుస్తుంది.

ఇప్పుడు మీ స్నేహితుల మాట, బావమరిది మాట. జపాన్ కారు చెడదు, జర్మన్ కారు చెడుతుంది అన్న లెక్క కరోలాకు, ఇన్నోవాకు సరిపోతుంది. ఈ రెండు కూపేల విషయంలో అది తలకిందులవుతుంది. ఒక కారును నమ్మకంగా వాడుకోవడమంటే అది ఎన్నిసార్లు చెడుతుందన్నది ఒక్కటే కాదు, చెడినప్పుడు దాని రోగం గుర్తుపట్టగలిగినవాడు ఎంత దూరంలో ఉన్నాడు, సామాను ఎన్ని రోజుల్లో వస్తుంది అన్నవి కూడా అందులో భాగమే. మన దేశంలో 370జెడ్‌లు చాలా కొద్ది, అన్నీ జపాన్‌లోని తోచిగి కర్మాగారం నుంచి దిగుమతి అయినవే. నిస్సాన్ షోరూముకు వెళితే వాళ్లకు మాగ్నైట్ తెలుసు, మీ కారు తెలియదు. టీటీ కూడా హంగరీలోని గ్యోర్ నుంచి దిగుమతి అయిన కారే, అవీ తక్కువే. కానీ దాని ఇంజిన్ ఫోక్స్‌వ్యాగన్ వర్గమంతా వాడే కుటుంబానికి చెందింది. 2017లో మన దేశంలో అమ్మిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్‌లో ఉన్నదీ 230 హార్స్‌పవర్ 2 లీటర్ల టర్బోనే, ఆరు గేర్ల డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సే. టీటీ, ఆక్టేవియా రెండూ ఒకే పునాది మీద కట్టిన కార్లు. ఆక్టేవియా, సూపర్బ్, టిగువాన్ వంటివి విప్పి బిగించిన మెకానిక్ బెంగళూరులోనూ చెన్నైలోనూ వెతికితే దొరకడం కష్టం కాదు. కాబట్టి ఈ ఒక్క పోలికలో మటుకు జర్మన్ కారే తక్కువ ఇబ్బంది పెడుతుంది. బాడీ భాగాలు, లైట్లు, అద్దాలు వంటివి టీటీకి కూడా ఖరీదే, ఆలస్యమే. బావమరిది మాట ఆ మేరకు నిజం.

జెడ్‌కు ఒక ఊరట ఉంది. రాజంపేట, రాయచోటి, పీలేరు వైపు నుంచి కువైట్‌లో ఉన్నవాళ్లు మీకు తెలిసే ఉంటారు. 370జెడ్ గల్ఫ్‌లో బాగా నడిచిన కారు. అదే వీ6 ఇన్ఫినిటీ జీ37లోనూ ఉంది. ఇంజిన్ సెన్సార్లు, ఫిల్టర్లు, గాస్కెట్లు, బ్రేకు ప్యాడ్లు అక్కడ సులభంగా దొరుకుతాయి. అయితే అక్కడి కార్లు ఎడమ వైపు స్టీరింగ్‌వి. హెడ్‌లైట్లు, స్టీరింగ్ ర్యాక్, డ్యాష్‌బోర్డు, వైపర్ల అమరిక అక్కడివి మన కారుకు సరిపోవు. అవి జపాన్ నుంచో, బ్రిటన్ నుంచో, ఆస్ట్రేలియా నుంచో రావాలి. జపాన్‌లో ఈ కారును ఫెయిర్‌లేడీ జెడ్ అంటారు, ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు ఆ పేరుతో కూడా చూడాలి. ఒక రోజు ఎవరో బైకుతో హెడ్‌లైటు పగలగొట్టారంటే మీ కారు కొన్ని వారాలు షెడ్డులో కూర్చుంటుంది. ఇంట్లో సరదాకు ఉంచుకునే మూడో కారుకు అది ఫర్వాలేదు, పని మీద తిరిగే కారుకు కుదరదు.

2011 జెడ్‌కు తెలిసిన జబ్బులు కొన్ని ఉన్నాయి. వాటిలో పెద్దది ఇంజిన్ ముందు కవరు వెనుక ఆయిల్ దారులను మూసి ఉంచే గాస్కెట్. తొలి ఏళ్ల ఇంజిన్లలో వేసిన ఆ పలచటి గాస్కెట్ కాలక్రమేణా చిరిగి, ఆయిల్ ఒత్తిడి పడిపోతుంది. గాస్కెట్ ఖరీదు స్వల్పమే, దాని దగ్గరికి చేరడానికి ఇంజిన్ ముందు భాగమంతా విప్పాలి, అదీ ఖర్చు. దురదృష్టమేమిటంటే ఈ కారులో ఆయిల్ ఉష్ణోగ్రత ముల్లు ఉంది గానీ ఒత్తిడి ముల్లు లేదు. అందుకని కారును ఒక అరగంట నడిపి, బాగా వేడెక్కాక, స్కానర్ పెట్టి పాత కోడ్లు చూడమనండి. ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని చెప్పే పీ0524 అన్న కోడ్ ఎప్పుడైనా పడి ఉంటే ఆ కారు వైపు మళ్లీ చూడకండి. ఇప్పటికే లోహపు గాస్కెట్ వేయించిన బిల్లు ఉంటే అది ఆ కారుకు పెద్ద యోగ్యత. రెండోది వేడి. తొలి ఏళ్ల జెడ్‌లకు ఆయిల్ కూలర్ లేదు. ట్రాక్ మీద వరుసగా తిప్పితే ఆయిల్ కాగిపోయి, ఇంజిన్ తనను తాను కాపాడుకోవడానికి శక్తిని తగ్గించుకుంటుంది. రోడ్డు మీద మామూలుగా నడిపితే ఆ స్థితి రాదు గానీ, 42 డిగ్రీల ఎండలో కొండదారి ఎక్కించేటప్పుడు ఆ చిన్న గిన్నెలోని ముల్లు మీద ఒక కన్నేసి ఉంచాలి. మాన్యువల్ జెడ్‌లలో క్లచ్ సిలిండర్ తరచూ పోతుంది, మీది ఆటోమేటిక్ కాబట్టి ఆ బాధ లేదు. 31 వేల కిలోమీటర్లే తిరిగిందని అమ్మేవాడు గర్వంగా చెబితే టైర్ల పక్కన అచ్చు వేసిన నాలుగంకెలు చదవండి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. తక్కువ తిరిగిన కార్ల టైర్లు అరగకుండానే ముసలివవుతాయి. జెడ్‌కు ముందు టైర్లు ఒక కొలత, వెనుక టైర్లు ఇంకో కొలత కాబట్టి అటువి ఇటు మార్చి వాడుకునే వీలు కూడా లేదు.

కాగితాల విషయంలో జెడ్‌కు ఇంకో ముడి ఉంది, నిజానికి నన్ను ఎక్కువ ఆపుతున్నది అదే. మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. 2011లో రిజిస్టర్ అయిన కారుకు ఆ గడువు 2026తో ముగుస్తుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష చేయించి ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. దిగుమతి అయిన కార్లకు ఆ మొదటి పునరుద్ధరణ రుసుము 40 వేల రూపాయలు, మామూలు కార్లకు అది ఐదు వేలే. పైగా కర్ణాటక కారును ఆంధ్రప్రదేశ్‌లో 12 నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, ఇక్కడ జీవిత పన్ను కట్టాలి, అక్కడ కట్టిన పన్నులో మిగిలిన భాగం వాపసు కోసం అమ్మినవాడో మీరో తిరగాలి. రిజిస్ట్రేషన్ గడువు దాటిన కారుకు ఈ పనులన్నీ ఇంకా చిక్కవుతాయి. అందువల్ల గడువును కర్ణాటకలోనే అమ్మేవాడి పేరు మీద పునరుద్ధరించి ఇస్తానంటేనే అడ్వాన్సు మాట ఎత్తండి. హైదరాబాద్ టీటీకి కూడా తెలంగాణ ఎన్‌ఓసీ, ఇక్కడి జీవిత పన్ను తప్పవు గానీ దాని గడువు 2031 దాకా ఉంది.

రోడ్ల సంగతికి వస్తే, రెండు కార్లూ నేలకు దగ్గరవే. స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం చెబుతుంది. ఆ కొలతలో ఉంటే 12 సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తున్న జెడ్ కూడా సులభంగానే దాటిపోతుంది. మన ఊళ్లలో రాత్రికి రాత్రి పోసే దిబ్బలు ఆ ప్రమాణం ఎప్పుడూ చదవలేదు. అలాంటిచోట కారును ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రాన్నే ఎక్కించి దించాలి, వెనుక హారన్లు మోగినా తొందరపడకూడదు. కొనే ముందే కారును లిఫ్ట్ మీద ఎక్కించి అడుగు భాగం చూడండి. ముందు బంపర్ కింది అంచు, సైలెన్సర్ గీతలే ఆ కారు ఎలాంటి రోడ్ల మీద ఎలాంటి చేతిలో తిరిగిందో చెబుతాయి.

తిరుమల ఘాట్‌కు నిరభ్యంతరంగా తీసుకెళ్లవచ్చు, కానీ అక్కడ స్పోర్ట్స్ కారు ముచ్చట తీరుతుందని ఆశపడకండి. అలిపిరి దగ్గర సమయం నమోదవుతుంది. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాల కన్నా ముందు చేరితే జరిమానా. 18 కిలోమీటర్లకు 28 నిమిషాలంటే గంటకు 40 కిలోమీటర్ల లోపే. ఆ దారిలో 370జెడ్‌కూ పాత మారుతి 800కూ ఒకటే వేగం, భక్తులు నడిచే, బస్సులు తిరిగే కొండదారికి అదే న్యాయం. కారు సత్తా చూడాలన్న కోరిక నిజంగా ఉంటే శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ పుత్తూరు, తిరుత్తణి మీదుగా మీకు ఒక ఉదయపు ప్రయాణమే. 3.7 కిలోమీటర్ల ఆ ట్రాక్ మీద సొంత కార్లతో నడిపే రోజులు నిర్వాహకులు అప్పుడప్పుడు పెడతారు. హెల్మెట్ తీసుకుని ఒకసారి వెళ్లిరండి. ఆ తర్వాత బెంగళూరు దారిలో వేగంగా పోవాలన్న దురద చాలామందికి తగ్గుతుంది.

సుప్రా గురించి క్లుప్తంగా చెబుతాను. టయోటా దాన్ని మన దేశంలో అమ్మలేదు. విడిగా తెప్పించుకుంటే సుంకాలూ పన్నులూ కలిసి దాని ధర రెట్టింపు దాటుతుంది, మీ 40 లక్షలకు అది అందదు. పైగా 2019లో వచ్చిన ఆ సుప్రా జపాన్ పేరు పెట్టుకున్న ఐరోపా కారు. బీఎండబ్ల్యూ జెడ్4తో పునాది పంచుకుంటూ ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో తయారైంది, దానిలోని ఆరు సిలిండర్ల ఇంజిన్ కూడా బీఎండబ్ల్యూదే. ఆ ఇంజిన్ మీద మోజుంటే అదే కుటుంబపు ఇంజిన్ ఉన్న బీఎండబ్ల్యూ ఎం340ఐని చెన్నై దగ్గరే బిగిస్తున్నారు. 0 నుంచి 100కు 4.4 సెకన్లలో చేరే కారు, అంటే మీరు చూసిన మూడింటి కన్నా వేగమైనది. నాలుగు తలుపులు ఉన్నాయని దాన్ని కూపే కాదనుకుంటే అది మీ ఇష్టం. అది కొన్నాళ్లకు సెకండ్ హ్యాండ్‌లో మీ ధరకు దిగి వచ్చినప్పుడు ఈ ప్రశ్న మళ్లీ అడగండి.

ఇక తీర్పు. మీరు టీటీ కొనండి. మనసు జెడ్ మీద ఉందని రాశారు, ఆ మనసును నేను తప్పు పట్టను. మూడో కారుగా, ఆదివారాలకు మాత్రమే అయితే నేనూ దాన్నే చూపించేవాణ్ని. కానీ మీ ఉత్తరంలోనే నెలకు రెండు మూడు బెంగళూరు ప్రయాణాలున్నాయి, మూడో తరగతి పిల్ల ఉంది. జెడ్‌లో ఉన్నవి రెండే సీట్లు. పాప ఎక్కితే ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా ముందు సీటులోనే కూర్చోవాలి, వాళ్లమ్మ ఇంట్లో ఉండాలి. టీటీ వెనుక సీట్లు పెద్దవాళ్లకు పనికిరావు, వెనుక అద్దం తలకు తగులుతుంది; ఎనిమిదేళ్ల పిల్లకు మాత్రం బెల్టుతో సహా సరిగ్గా సరిపోతాయి. మరి కొన్నేళ్లకు పాప ఎత్తు పెరిగి ఆ సీటు చాలకుండా పోతుంది. అప్పటికి జెడ్ కొనాలన్న ఆలోచన ఇంకా ఉంటే కొనుక్కోండి, గాస్కెట్ బిల్లు మాత్రం మరిచిపోవద్దు.

హైదరాబాద్ వెళ్లేటప్పుడు అమ్మేవాడికి ముందే ఫోన్ చేసి కారును ఆ రోజు ఉదయం నుంచి స్టార్ట్ చేయవద్దని చెప్పండి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే ఎందుకో అడగండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే మొదటి రెండు మూడు సెకన్లు గొలుసు చప్పుడు వినిపిస్తే టైమింగ్ చైను పని పడబోతోందని అనుమానించాలి. కూలెంట్ డబ్బా మట్టం చూసి, ఇంజిన్ పక్కన ప్లాస్టిక్ పంపు చుట్టూ టార్చి వేసి గులాబీ రంగు మరక ఎండి ఉందేమో వెతకండి. ఈ ఇంజిన్ల వాటర్ పంపు అక్కడే కారుతుంది, అది పెద్ద రోగం కాదు గానీ ధర తగ్గించుకోవడానికి మంచి ఆధారం. 48 వేల కిలోమీటర్లు తిరిగిందంటే గేర్‌బాక్స్ ఆయిల్ మార్చాల్సిన 60 వేలు దగ్గర పడుతున్నట్టే, ఆ ఖర్చు కూడా బేరంలో కలపండి. తర్వాత కారును రద్దీలో నడిపించి, మొదటి గేరు నుంచి రెండో గేరుకు మారేటప్పుడు కుదుపు ఉందా, రివర్స్ వేసినప్పుడు ఆలస్యంగా పట్టుకుంటుందా గమనించండి. ఈ రెండింటిలో ఏది కనిపించినా, ఎంత తగ్గిస్తానన్నా, ఆ కారు వదిలి ఇంకో టీటీ వెతుక్కోండి.